గురుకులంలో కౌన్సెలర్ అంటే ఖాళీ పీరియడ్ ఉన్న టీచరేనా?

బయాలజీ_మేడమ్
మాది ఏజెన్సీకి ఆనుకుని ఉన్న బాలికల గురుకులం. అయిదో తరగతి నుంచి ఇంటర్ దాకా అయిదొందల పైచిలుకు పిల్లలు. మొన్న స్టాఫ్ మీటింగ్‌లో, పైనుంచి ఆదేశం వచ్చింది, ప్రతి స్కూల్లో కౌన్సెలర్ ఉండాలట అని చెప్పి రిజిస్టర్‌లో నా పేరు రాసేశారు. ఎందుకు నేనే అంటే, "మీరు బయాలజీ కదా మేడమ్, పిల్లలకు మీరంటే ఇష్టం కూడా" అన్నారు. క్లాసులు, హౌస్ డ్యూటీ, నైట్ డ్యూటీ అన్నీ ఉన్నవి ఉన్నట్టే.

పని పెరిగిందని కాదు నా బాధ. ఎనిమిదో తరగతిలో ఒక పాప ఉంది. నెలకోసారి ఆదివారం అమ్మానాన్న వచ్చి చూసి వెళ్తారు. వాళ్లు వెళ్లిన రాత్రి నుంచి కడుపునొప్పి మొదలు. మాత్ర, సిక్ రూమ్, మళ్లీ మాత్ర. స్కానింగ్ తీస్తే ఏమీ లేదన్నారు. స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచి గంటసేపు అదే పేజీ చూస్తూ కూర్చుంటుంది. పక్కన కూర్చుని అడిగితే "ఏం లేదు మేడమ్" అంటుంది. ఆ పిల్ల పరీక్ష పేపర్ దిద్దేది నేనే, జడ సరిగ్గా వేసుకోలేదని అసెంబ్లీలో పక్కన నిలబెట్టేదీ నేనే. ఇంక నాకేం చెబుతుంది? మీ దగ్గర ఎలా నడుస్తోందో చెప్పండి.

సోషల్_సారు
మా దగ్గర పీఈటీ సారుకు ఇచ్చారు. ఎవరు ఏడ్చినా ముందు గ్రౌండ్‌కి తీసుకెళ్లి వాలీబాల్ ఆడిస్తాడు. సగం మందికి నిజంగానే బాగుంటుంది. మిగతా సగం మంది సంగతే ఎవరికీ తెలియదు.

లా_చదివినవాడు
మేడమ్, మీకు చెప్పిన "పైనుంచి" అనేది బహుశా సుప్రీంకోర్టు తీర్పే. విశాఖలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. తండ్రి సీబీఐ విచారణ కోరుతూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం సీబీఐకి అప్పగిస్తూనే, చట్టం వచ్చేదాకా దేశమంతటా అమలు కావాలని 15 మార్గదర్శకాలు ఇచ్చింది. కోచింగ్ సెంటర్లకు మాత్రమే అనుకుంటున్నారు చాలామంది. కాదు. స్కూళ్లు, కాలేజీలు, హాస్టళ్లు, సర్కారువీ ప్రైవేటువీ అన్నీ దాని కిందికి వస్తాయి.

అందులో 100 మంది, అంతకు మించి పిల్లలున్న చోట కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్‌ని గానీ, సైకాలజిస్ట్‌ని గానీ, సోషల్ వర్కర్‌ని గానీ పెట్టాలని ఉంది. పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినవాళ్లు అని స్పష్టంగా రాశారు. వంద లోపు ఉంటే బయటి నిపుణులతో ఒప్పందం ఉండాలి. బయాలజీ చదివినవాళ్లు అని ఎక్కడా లేదు.

బయాలజీ_మేడమ్
ఈ తీర్పు కాపీ మా స్టాఫ్ రూమ్‌లో ఎవరూ చూడలేదు. మాకు వచ్చింది ఒక వాట్సాప్ మెసేజ్.

రిటైర్డ్_హెచ్ఎం
నేను ముప్పై ఏళ్లు బళ్లో పనిచేశాను. పిల్లవాడి ముఖం చూస్తే తెలిసిపోయేది ఇంట్లో ఏం జరిగిందో. సాయంత్రం ఇంటికే వెళ్లి తండ్రితో మాట్లాడేవాళ్లం. ఇవాళ ప్రతిదానికీ ఒక పోస్టు, ఒక ఆఫీసు. టీచరే పట్టించుకోకపోతే నెలకోసారి వచ్చే కౌన్సెలర్ ఏం చేస్తాడు? టీచర్లకే మంచి ట్రైనింగ్ ఇవ్వండి, చాలు.

ఎంఎస్‌డబ్ల్యూ_సరిత
హెచ్ఎం గారూ, సరిగ్గా ఈ ప్రశ్నకే బీహార్‌లో పరీక్ష పెట్టి చూశారు. నలంద జిల్లాలో 74 ప్రభుత్వ హైస్కూళ్లు తీసుకుని మూడు భాగాలు చేశారు. కొన్నింట్లో ఒక టీచరుకు శిక్షణ ఇచ్చి బాధ్యత అప్పగించారు. కొన్నింట్లో బయటి నుంచి ఒక మామూలు మనిషిని పెట్టారు. సైకాలజిస్ట్ కాదు, శిక్షణ పొందిన వ్యక్తి, అంతే. ఆ మనిషికి ఇదొక్కటే పని. మిగిలిన స్కూళ్లలో రెండూ లేవు. కార్యక్రమం పేరు సెహర్, చేసింది గోవాకు చెందిన సంగత్ సంస్థ. ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి.

బయటి మనిషి ఉన్న స్కూళ్లలో పిల్లల దిగులు తగ్గింది, ఏడిపించడాలు కొట్లాటలు తగ్గాయి, స్కూలంటే నచ్చడం బాగా పెరిగింది. టీచరుకు అప్పగించిన చోట ఏ తేడా కనపడలేదు. టీచర్లు చెడ్డవాళ్లు అని కాదు. సిలబస్ ఒక పక్క, ఎలక్షన్ డ్యూటీ ఒక పక్క, మధ్యలో ఇది. పైగా మేడమ్ పైన చెప్పిందే, మార్కులు వేసే చేతికి పిల్లలు మనసు విప్పరు.

రిటైర్డ్_హెచ్ఎం
బీహార్ స్కూళ్లు వేరు, మన గురుకులాలు వేరు. ఇక్కడ టీచర్లు పిల్లలతోనే ఉంటారు.

సోషల్_సారు
అదే సార్ కష్టం. పిల్లలతోనే ఉంటాం కాబట్టి పొద్దున వ్యాయామం నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా క్రమశిక్షణ చూసేది కూడా మేమే. డే స్కూల్ పిల్లాడు కనీసం ఇంటికెళ్లి వాళ్లమ్మకు మా మీద చెప్పుకోగలడు. మా పిల్లలకు ఆ దారి కూడా లేదు.

పాడేరు_కుర్రాడు
ఆశ్రమ పాఠశాలలో, తర్వాత గురుకులంలో చదివినవాణ్ని. నేను చెప్పొచ్చా.

నేను ఆరో తరగతిలో చేరినప్పుడు నాకు సరిగా తెలుగు రాదు. ఇంట్లో మా గిరిజన భాష కువి మాట్లాడతాం. క్లాసులో నోరు తెరిస్తే నవ్వేవాళ్లు. మూడు నెలలు దాదాపు ఎవరితోనూ మాట్లాడలేదు. సార్లు "సైలెంట్, మంచి పిల్లాడు" అనుకున్నారు. గమనించింది ఒక్కరే, వంట చేసే ఆయా. నా ప్లేటులో అన్నం రోజూ మిగిలిపోతోందని చూసింది. ఆవిడది మా పక్క ఊరే. ఒకరోజు గిన్నెలు కడిగే చోట కూర్చోబెట్టుకుని మా భాషలో "ఏంట్రా, ఇల్లు గుర్తొస్తోందా" అంది. అప్పుడు ఏడ్చాను. అంతకు ముందు ఏడుపు కూడా రాలేదు.

కౌన్సెలర్‌ని పెడితే పెట్టండి, కానీ హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన మనిషి మొదటి రోజే పెద్ద తెలుగులో "నీ ఫీలింగ్స్ షేర్ చెయ్" అంటే మావాడు గోడ వైపు చూస్తాడు.

చదువరి99
ఈ పోస్ట్ ఒక్కటి చాలు. ఆ ఆయాకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు, రిజిస్టర్‌లో ఆవిడ పేరూ లేదు.

లా_చదివినవాడు
పాడేరు తమ్ముడు చెప్పింది ఆ తీర్పులోనూ ఉంది. శిక్షణ టీచర్లకే కాదు, బోధనేతర సిబ్బందికీ ఇవ్వాలి, ఏడాదికి కనీసం రెండుసార్లు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, పేద కుటుంబాల పిల్లలతో, వికలాంగ పిల్లలతో, అనాథలతో చిన్నచూపు లేకుండా ఎలా మెలగాలో కూడా నేర్పాలని విడిగా రాశారు. వంట మనుషులు, వాచ్‌మన్, రాత్రి కాపలా ఆయాలు, వీళ్లు లేకుండా ట్రైనింగ్ పెడితే పిల్లల్ని రోజంతా చూసేవాళ్లలో సగం మందిని వదిలేసినట్టే.

స్టాఫ్‌నర్స్_ఏజెన్సీ
బయాలజీ మేడమ్‌కి ఒక్క మాట. ఆ పాప కడుపునొప్పిని "మనసుదే" అని అప్పుడే తేల్చేయకండి. మీది ఏజెన్సీ ప్రాంతం అన్నారు. సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) పరీక్ష చేయించారా? ఒళ్లు నొప్పులు, కడుపునొప్పి, నీరసం, చదువు మీద ధ్యాస లేకపోవడం, ఇవన్నీ అందులోనూ ఉంటాయి. గిరిజన ప్రాంతాల్లో 2023 నుంచి జాతీయ మిషన్ కింద పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు, పాప దగ్గర కార్డు ఉందేమో అడగండి. హిమోగ్లోబిన్ చూడండి. పీరియడ్స్ మొదలయ్యాయేమో అడగండి, చాలామంది చెప్పరు. స్కూళ్లకు వచ్చి పిల్లల ఆరోగ్యం చూసే ఆర్బీఎస్కే టీమ్ వచ్చినప్పుడు ఈ పేరు ముందే రాసి పెట్టండి.

ఇవన్నీ బాగుండి, అమ్మానాన్న వెళ్లిన రాత్రే నొప్పి వస్తుంటే అప్పుడు రెండో దారి. అప్పుడైనా నొప్పి నాటకం కాదు. పిల్లకి నిజంగానే నొప్పి ఉంటుంది. సిక్ రూమ్‌లో "యాక్షన్ చేస్తోంది" అనే మాట ముందు మానాలి.

బయాలజీ_మేడమ్
సికిల్ సెల్ సంగతి తట్టలేదు. రేపు హెల్త్ సూపర్‌వైజర్‌తో మాట్లాడతాను. థాంక్యూ సిస్టర్.

నీళ్లురాని_హాస్టల్
అందరూ కౌన్సెలర్, కౌన్సెలర్ అంటున్నారు. మా చెల్లి ఉండే హాస్టల్లో పొద్దున నాలుగున్నరకు లేచి బాత్రూమ్ దగ్గర లైన్ కట్టాలి. రాత్రి చదివి పదకొండుకు పడుకుంటారు. కిటికీకి తలుపు లేదు, దోమలు. ఆ పిల్లలకు దిగులు ఎక్కడ నుంచి వస్తుందో చెప్పడానికి సైకాలజిస్ట్ కావాలా? ముందు నిద్ర పోనివ్వండి.

ఎంఎస్‌డబ్ల్యూ_సరిత
మీరు చెప్పింది వందకు వంద నిజం, నేను దీనికి అడ్డం చెప్పను. కాకపోతే మంచి కౌన్సెలర్ చేసే పనే అది. పది మంది పిల్లలు వేర్వేరుగా వచ్చి నిద్ర లేదని చెబితే, ఆ పది మందికీ శ్వాస వ్యాయామం నేర్పి పంపడం కాదు, ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి "పడుకునే టైమ్ మార్చండి, బాత్రూములు బాగు చేయించండి" అని రాసివ్వాలి. సెహర్‌లో కూడా గదిలో కూర్చోబెట్టి మాట్లాడటం ఒక భాగమే. అసెంబ్లీలో మాట్లాడటం, గోడ పత్రిక, పిల్లలు టీచర్లు కలిసిన కమిటీ, ఉత్తరాల పెట్టె, ఇవన్నీ ఉన్నాయి.

కరీంనగర్_సిస్టర్
ఉత్తరాల పెట్టె గురించి నేను చెప్తా. మేం చదివిన హాస్టల్లో గోడకు పెట్టారు, "మీ సమస్యలు రాయండి" అని. తాళం చెవి వార్డెన్ దగ్గర. మా ఫ్రెండ్ ఒకతి వార్డెన్ మీదే రాసి వేసింది, పేరు లేకుండా. మర్నాడు అసెంబ్లీలో ఆ చీటీ పైకెత్తి "ఈ చేతిరాత ఎవరిది?" అని అడిగారు. నోట్‌బుక్కులన్నీ తెప్పించారు. మేం ఇంటర్ అయ్యి వెళ్లేదాకా ఆ పెట్టెలో చాక్లెట్ కాగితాలు తప్ప ఏమీ పడలేదు.

సోషల్_సారు
తాళం చెవి స్కూల్లోనే ఉండకూడదు. బయటి మనిషి వచ్చి తెరవాలి.

లా_చదివినవాడు
ఫిర్యాదు చేసిన పిల్ల మీద ఎవరూ కక్ష తీర్చుకోకూడదని ఆ తీర్పులో ఉంది. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టొద్దని, అందరి ముందూ అవమానించొద్దని కూడా ఉంది. మీ ఫ్రెండ్ విషయంలో జరిగింది ఇవాళ జరిగితే కలెక్టర్ అధ్యక్షతన ఉండాల్సిన జిల్లా కమిటీకి రాయొచ్చు.

అమ్మ_నల్గొండ
మా బాబుది వేరే కథ. ఊళ్లో సర్కారు బడి, ఏడో తరగతి. చెబితే అన్నీ చెప్తాడు, రాయమంటే రాయడు. బ వ, డ ద తారుమారు. "మొద్దు" అన్నారు, "సోమరి" అన్నారు. కొట్టారు కూడా. రాను రాను పొద్దున్నే వాంతులు, బడికి పోనని ఏడుపు. మాకు తెలిసినాయన జిల్లా ఆసుపత్రిలో పిల్లల సెంటర్‌కు పొమ్మంటే పోయినం. పరీక్షలు పెట్టి, ఇది చదవడంలో ఉండే ఇబ్బంది, తెలివికి ఏం లోటు లేదన్నరు. ఆ మాట విన్నంక వాని ముఖమే మారింది. ఇంతకాలం వాడు తనకు తానే మొద్దు అనుకున్నడు.

డల్లాస్_తెలుగు
అమ్మా, మీ బాబుకు ఉన్నదాన్ని 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తిస్తుంది. సర్టిఫికెట్ తీసుకుంటే పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాటు అడగొచ్చు. ఇప్పుడే మొదలుపెట్టండి, కాగితాలకు టైమ్ పడుతుంది.

నేను టెక్సాస్‌లో స్కూల్ సైకాలజిస్ట్‌ని. ఇక్కడ మా పని పుట్టిందే ఇలాంటి పిల్లల కోసం. 1975లో వికలాంగ పిల్లల చదువు చట్టం వచ్చాక ప్రతి స్కూలూ పిల్లల్ని పరీక్షించి ఎవరికి ఏ సాయం కావాలో తేల్చాల్సి వచ్చింది. 500 మంది విద్యార్థులకు ఒక స్కూల్ సైకాలజిస్ట్ ఉండాలని మా జాతీయ సంఘం చెబుతుంది. చాలా చోట్ల అంతకు రెండింతల మందిని చూస్తున్నాం, పేదలుండే జిల్లాల్లో మరీ ఎక్కువ. నా టైమ్ అంతా టెస్టులకూ రిపోర్టులకూ పోతుంది. పిల్లతో అరగంట కూర్చోవడానికి ఖాళీ దొరకదు. మీరు కొత్తగా కట్టుకుంటున్నారు కాబట్టి మా పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోకండి. రిపోర్టులు రాసే మనిషి వేరు, పిల్లలు వెళ్లి కూర్చునే మనిషి వేరుగా ఉండేలా చూసుకోండి.

రిటైర్డ్_హెచ్ఎం
నల్గొండ అమ్మ పోస్ట్ చదివాను. ఇలాంటి పిల్లల్ని టీచరు గుర్తించగలగాలి, అందుకే ట్రైనింగ్ అంటున్నాను. కౌన్సెలర్ వద్దనడం లేదు. టీచర్లు "అది కౌన్సెలర్ పని" అని చేతులు దులుపుకుంటారేమో అని నా భయం. ఆ భయం ఇంకా పోలేదు.

ఎంఎస్‌డబ్ల్యూ_సరిత
ఈ భయం సరైనదే సార్. గుర్తించడం టీచరు పని, కూర్చుని మాట్లాడటం కౌన్సెలర్ పని, మందులు అవసరమైతే డాక్టర్ పని. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన స్కూల్ కార్యక్రమంలో ప్రతి స్కూల్ నుంచి ఒక టీచరు, ఒక టీచరమ్మ అంబాసిడర్లుగా ఉండి వారానికో గంట క్లాస్ తీసుకోవాలి. మంచిదే, అది జరగనివ్వండి. కౌన్సెలర్ పోస్టు మాత్రం దాని కింద పూడ్చేయకూడదు.

ఆంధ్రా_ప్రైవేట్_టీచర్
గురుకులంలో చదివేవాళ్లు నయం, వాళ్ల గురించి కనీసం చర్చ జరుగుతోంది. మా ఊళ్లో ఫీజు కట్టలేక ఇంటర్ మధ్యలో మానేసి మెకానిక్ షాపులో చేరినవాళ్ల గురించి ఎవరు మాట్లాడతారు?

చదువరి99
ఇంటర్ అంటే గుర్తొచ్చింది. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. తప్పు వేల్యుయేషన్‌లో ఉంది, ప్రాణాలు వాళ్లవి పోయాయి. ఫలితాలు వచ్చే వారం స్కూళ్లు, కాలేజీలు సెలవుల్లో ఉంటాయి. అప్పుడు పిల్లకు ఫోన్ చేసేదెవరు? ఔట్‌సోర్సింగ్ కౌన్సెలర్‌కి ఏప్రిల్‌తో కాంట్రాక్ట్ అయిపోతుంది.

కరీంనగర్_సిస్టర్
ఇది ఎవరూ ఆలోచించరు. కాంట్రాక్ట్ పన్నెండు నెలలకు ఉండాలి, ఫలితాల వారం కచ్చితంగా డ్యూటీ.

సోషల్_సారు
మా దగ్గర ఇంకో భయంకరమైన అలవాటుంది. ఎవరైనా పిల్ల "చచ్చిపోవాలనుంది" అంటే చాలు, తల్లిదండ్రుల్ని పిలిపించి టీసీ చేతిలో పెట్టడం. "మా స్కూల్లో ఏమన్నా అయితే ఎవరు బాధ్యులు" అంటారు. కొందరు పోలీస్ కేసవుతుందని భయపెడతారు.

లా_చదివినవాడు
2017 మానసిక ఆరోగ్య చట్టం, సెక్షన్ 115. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, సంరక్షణ ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ మాట నోటితో అన్న పిల్లను కేసు పేరుతో బెదిరించడం ఇంకా అన్యాయం. టీసీ ఇచ్చి పంపితే ఆ పిల్ల ఉన్న ఆ కాస్త తోడు కూడా లేకుండా ఊరికి పోతుంది.

స్టాఫ్‌నర్స్_ఏజెన్సీ
అలా అన్న పిల్లను ఒంటరిగా ఉంచొద్దు. నేరుగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అబద్ధం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లల కోసమైతే 1098 కూడా ఉంది. గోడ మీద నంబర్లు రాస్తున్నారు, సంతోషం. కానీ మా పిల్లల దగ్గర ఫోన్ ఉండదు కదా. సిక్ రూమ్‌లో ఒక ఫోన్ పెట్టి, ఎవరికి చేస్తున్నావని అడక్కుండా తలుపు వేసుకుని మాట్లాడనివ్వాలి.

అమ్మ_నల్గొండ
ఊళ్లో ఇంకో బాధ. ఆసుపత్రికి పోయొచ్చినమని తెలిసి, "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీస్కపోతరా" అని మా ఆడపడుచే అడిగింది.

పాడేరు_కుర్రాడు
మా వైపు చినవాల్తేరు అంటారు, విశాఖలో మానసిక ఆస్పత్రి ఉన్న చోటు. ఆస్పత్రి పేరు మారింది, మాట మారలేదు. మా ఊళ్లో ముందు మంత్రం వేసే గురువు దగ్గరికే తీసుకెళ్తారు. అది తప్పని పెద్దోళ్లతో గొడవ పడితే పని కాదు. తాయెత్తు కట్టించుకోనివ్వండి, డాక్టర్ దగ్గరికి కూడా రమ్మనండి.

బయాలజీ_మేడమ్
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. నా పేరు రాసిన రిజిస్టర్ పక్కన పెట్టమని ప్రిన్సిపాల్ గారికి లెటర్ ఇద్దామనుకుంటున్నాను. వద్దు అని ఊరుకోకుండా, ఏం కావాలో కూడా రాయాలనుంది. ఏం రాయమంటారు? ఇంకో సందేహం. పిల్ల నాకు రహస్యంగా ఏదైనా చెబితే ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొచ్చా?

లా_చదివినవాడు
అలా మాట ఇవ్వకండి. లైంగిక వేధింపు అని తెలిస్తే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే మీ మీద కేసు. అందుకే మాట్లాడే ముందే చెప్పేయండి: "నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగలిగినవాళ్లకు చెప్తాను, ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తాను."

ఎంఎస్‌డబ్ల్యూ_సరిత
లెటర్‌లో ఇలా రాయండి. కౌన్సెలర్‌గా బయటి మనిషిని పెట్టాలి, ఎంఏ సైకాలజీ గానీ ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) గానీ చదివి, పిల్లలతో పని చేయడంలో శిక్షణ ఉన్నవాళ్లు. పరీక్షలు, క్రమశిక్షణ, మెస్ లెక్కలు ఏవీ అప్పగించకూడదు. ఏజెన్సీ మండలాల్లో స్థానిక భాష వచ్చినవాళ్లకు మొదటి అవకాశం, మన గురుకులాల్లోనే చదివి పీజీ చేసినవాళ్లు ఉన్నారు. మాట్లాడటానికి తలుపున్న గది. నెలకోసారి జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ విభాగంతో కేసులు చర్చించే ఏర్పాటు, లేకపోతే ఒంటరి కౌన్సెలర్ ఏడాదిలో అలసిపోయి మానేస్తుంది. వారం రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చూపించేవాళ్లను ఒప్పుకోవద్దు.

కరీంనగర్_సిస్టర్
పెట్టె తాళం కూడా రాయండి మేడమ్.

సోషల్_సారు
మీరు రాశాక ఇక్కడ పెట్టండి. పేర్లు తీసేసి మా స్కూల్ నుంచి కూడా ఇస్తాం. పీఈటీ సారు సంతకం మొదట ఉంటుంది, ఆయనకూ ఈ పని బరువుగానే ఉంది.

బయాలజీ_మేడమ్
ఆదివారం లోపు పెడతాను. తెలుగులోనే రాస్తున్నా, పర్వాలేదా?

లా_చదివినవాడు
తెలుగులోనే రాయండి. తీర్పు తేదీ, 100 మంది నిబంధన రెండూ మొదటి పేరాలోనే ఉండాలి. ప్రిన్సిపాల్ గారికి ఇచ్చిన కాపీ మీద తేదీతో సంతకం తీసుకుని, ఇంకో కాపీ కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి రసీదు అడగండి.